కలరా ఉండ నుంచి డిస్ప్రోసియం దాకా: అణువులు కరెంటు మోయగలవా, అయస్కాంతాలు కాగలవా?

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకూ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికీ మధ్య చేతులు మారే కెమిస్ట్రీ నోట్సుల్లో ఘనపదార్థాల పాఠం చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. రాగి వాహకం, రబ్బరు బంధకం, సిలికాన్ ఈ రెంటికీ నడుమ. ఇనుము, కోబాల్ట్, నికెల్ ఫెర్రో అయస్కాంతాలు. కర్బన సమ్మేళనాలు కరెంటును మోయవు, అయస్కాంతానికి అంటుకోవు. పరీక్ష గట్టెక్కడానికి ఇది చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ ఆ చివరి వాక్యం పాతబడి 50 ఏళ్లు దాటింది.

కార్బన్, నైట్రోజన్, గంధకం, హైడ్రోజన్ వంటి మూలకాలతో కట్టిన అణువులు లోహంలా కరెంటును మోస్తాయని 1973లో తేలింది. అతివాహకాలు కూడా అవుతాయని 1980లో తేలింది. ఇనుప రజను కూడా లేకుండా ఫెర్రో అయస్కాంతాలవుతాయని 1991లో తేలింది. తేలిన ప్రతిసారీ వెనకే ఒక తగాదా బయల్దేరింది. ఆ గుణం ఏ ఉష్ణోగ్రత దాకా నిలుస్తుంది, దానికి కారణమేమిటి, కొలత నిజమేనా, మరో ల్యాబులో మళ్లీ వస్తుందా అని. దశాబ్దాలు గడిచేసరికి ఈ తగాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుపడ్డాయి. పత్రికల్లో కనిపించేవి మాత్రం రికార్డు ఉష్ణోగ్రతలే. ఆ రికార్డులతోనే ఈ రంగాన్ని తూకం వేసేవాళ్లకు సగం కథే అందుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇక్కడ ఎక్కువ వాదాలను తీర్చింది స్ఫటికం: దాన్ని ఎవరు పెంచారు, ఎంత శుద్ధిగా పెంచారు, ఇంకొకరు పెంచగలిగారా అన్నది.

కలకత్తాలో నిజాం కాలేజీ విద్యార్థి

ఈ చరిత్రను సాధారణంగా అమెరికా నుంచో జపాన్ నుంచో మొదలుపెడతారు. మనం కొంచెం ముందు నుంచి మొదలుపెట్టవచ్చు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, నారాయణగూడకు కూతవేటు దూరంలోని నిజాం కాలేజీలో డిగ్రీ ముగించి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. మరుసటి ఏడే లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఆయన పత్రం అచ్చయింది. దాని విషయం నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత గుణం దిశను బట్టి ఎలా మారుతుందన్నది. నాఫ్తలీన్ అంటే బట్టల బీరువాలో వేసే కలరా ఉండే.

నాఫ్తలీన్‌ను అయస్కాంతం చాలా బలహీనంగా వికర్షిస్తుంది. స్ఫటికంలో ఆ వికర్షణ అన్ని దిశల్లో ఒకేలా ఉండదు. అణువు బల్లపరుపుగా ఉంటుంది, ఆ తలానికి లంబంగా క్షేత్రం పెట్టినప్పుడు వికర్షణ బాగా పెరుగుతుంది. ఎలక్ట్రాన్లు తమ తమ పరమాణువులకు కట్టుబడి ఉంటే ఇంత తేడా రాకూడదు. అవి బెంజీన్ వలయాల చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతున్నాయన్న చిత్రం 1930ల్లో లైనస్ పాలింగ్, ఫ్రిట్జ్ లండన్‌ల సిద్ధాంతాలతో గట్టిపడింది. రామన్ శిష్యుడే అయిన కె.ఎస్. కృష్ణన్ ఇలాంటి కర్బన స్ఫటికాలను వరసపెట్టి కొలిచి, ఆ సిద్ధాంతాలకు కావలసిన అంకెలను సమకూర్చారు.

అలా అణువు లోపల ఎలక్ట్రాన్ తిరుగుతుందని రూఢి అయింది. మిగిలిన ప్రశ్న ఒక్కటే: గోడ దాటి పక్క అణువులోకి వెళ్తుందా? వాహకత కథంతా ఈ ప్రశ్నకు జవాబే. అయస్కాంతత్వం కథ దాని కవల: పక్క అణువులోని ఎలక్ట్రాన్ స్పిన్ ఎటు తిరిగి ఉందో ఇక్కడి ఎలక్ట్రాన్‌కు తెలుస్తుందా?

కర్బన పదార్థాలు లోహాల్లా ప్రవర్తించవచ్చని మెకాయ్, మూర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్తలు 1911లోనే ఊహించారు. ఊహకు గట్టి ఆధారం దొరకడానికి 40 ఏళ్లకు పైగా పట్టింది. పెరిలీన్ అనే కర్బన పదార్థానికి బ్రోమిన్ పట్టిస్తే కరెంటు బాగా పారుతుందని అకమట్సు, ఇనోకుచి, మట్సునాగ 1954లో చూపించారు. ఆ పదార్థం నిలవ ఉండేది కాదు. 1960 ప్రాంతంలో డ్యూపాంట్ కంపెనీ రసాయనజ్ఞులు టీసీఎన్‌క్యూ అనే అణువును తయారుచేశారు. ఎలక్ట్రాన్ కనిపిస్తే లాక్కునే అణువు ఇది. పదేళ్ల తర్వాత దానికి జోడీగా ఎలక్ట్రాన్‌ను సులువుగా వదిలే గంధకపు అణువు టీటీఎఫ్ వచ్చింది. రెంటినీ కలిపి పెంచిన నల్లటి సూదుల్లాంటి స్ఫటికాల్లో ఇచ్చే అణువుల దొంతర ఒకటి, పుచ్చుకునే అణువుల దొంతర పక్కనే ఇంకొకటి. సగటున అణువుకు సుమారు 0.6 ఎలక్ట్రాన్ ఒక దొంతర నుంచి మరో దొంతరకు చేరుతుంది. ఈ సగం సగం బేరమే కీలకం. ఎలక్ట్రాన్ పూర్తిగా చేతులు మారితే మామూలు ఉప్పు మిగులుతుంది, కరెంటు పారదు.

58 కెల్విన్ల తగాదా

టీటీఎఫ్–టీసీఎన్‌క్యూను 1973లో జాన్స్ హాప్కిన్స్ బృందం మొదటి కర్బన లోహంగా ప్రకటించింది. చల్లబరిచే కొద్దీ వాహకత పెరగడం లోహ లక్షణం, ఇందులో అది స్పష్టంగా కనిపించింది. అదే ఏడు పెన్సిల్వేనియాలో అలన్ హీగర్ బృందం ఇంకాస్త ముందుకెళ్లింది. కొద్ది స్ఫటికాల్లో 58 కెల్విన్ల దగ్గర వాహకత అమాంతం పెరిగిందని, అది అతివాహకతకు తొలి సూచన కావచ్చని అన్నది. అప్పటికి తెలిసిన అతివాహకాల్లో మేటి కూడా 23 కెల్విన్లను దాటలేదు. దాంతో ప్రపంచంలోని పెద్ద ల్యాబులన్నీ ఈ నల్ల సూదుల మీద పడ్డాయి.

మిగతావాళ్లకు ఆ పెరుగుదల కనిపించలేదు. స్ఫటికం సన్నటి సూది, పొడవునా ఒకలా, అడ్డంగా ఒకలా కరెంటును పారిస్తుంది. నాలుగు తీగలు అతికించి కొలిచేటప్పుడు అవి కాస్త పక్కకు జరిగినా అంకె తలకిందులైపోతుంది. రెండు మూడేళ్ల వాదం తర్వాత ఎక్కువమంది ఆ అంకెలు కొలత లోపమేనని తీర్మానించుకున్నారు. స్ఫటికాల నాణ్యత పెంచి చూస్తే వాహకత 60 కెల్విన్ల దాకా పెరిగి, 54 కెల్విన్ల దగ్గర పదార్థం బంధకంగా మారిపోతోంది. అతివాహకత ఆశించిన చోట లోహమే చచ్చిపోతోందన్నమాట.

అయినా ఈ తగాదా వృథా పోలేదు. ఇదే హీగర్, అలన్ మెక్‌డయార్మిడ్, హిదెకి షిరకావాలతో కలిసి 1977లో పాలీఅసిటలీన్ ప్లాస్టిక్‌కు అయొడిన్ పట్టించి లోహంలా కరెంటు పారించారు. ముగ్గురికీ 2000లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వాహక ప్లాస్టిక్‌లు కెపాసిటర్లకూ, స్థిరవిద్యుత్తును వదిలించే పూతలకూ చేరాయి. అది వేరే పాయ. మన ప్రశ్న స్ఫటికాలది.

వాహకాలపై మూడు వాదాలు

మొదటిది విలియం లిటిల్ 1964లో చూపిన దారి. మామూలు అతివాహకాల్లో ఎలక్ట్రాన్లను జతకట్టించేది స్ఫటికం కంపనం. పరమాణువులు బరువైనవి, కంపనం నెమ్మది, అందుకే ఉష్ణోగ్రత తక్కువ. పొడవాటి కర్బన గొలుసు పక్కన సులువుగా చలించే ఎలక్ట్రాన్లున్న గుంపులను వేలాడదీస్తే, ఆ తేలికైన ఎలక్ట్రాన్లే జతకట్టించే పని చేస్తాయి కదా, అప్పుడు గది ఉష్ణోగ్రత దాటినా అతివాహకత ఉంటుంది కదా అన్నది లిటిల్ లెక్క. అలాంటి అణువును ఎవరూ చేసి చూపలేదు. అయినా ఈ రంగంలోకి డబ్బూ మనుషులూ రావడానికి ఆ ఒక్క పత్రం చేసినంత పని మరేదీ చేయలేదు.

రెండోది పరిమాణాల (డైమెన్షన్ల) వాదం. రుడాల్ఫ్ పైయర్ల్స్ చెప్పినదాని ప్రకారం ఒకే వరసలో పేర్చిన లోహం చల్లబడితే నిలబడదు. అణువులు జతలు జతలుగా దగ్గరకు జరిగి ఎలక్ట్రాన్ల దారి మూసేస్తాయి. చిక్కడపల్లి సందులో ఒక ఆటో ఆగితే వెనకున్నవన్నీ ఆగినట్టే ఇదీ. ఆర్టీసీ క్రాస్ రోడ్డు వెడల్పు ఉంటే పక్క నుంచి పోవచ్చు. టీటీఎఫ్–టీసీఎన్‌క్యూకు 54 కెల్విన్ల దగ్గర పట్టిన గతి ఇదే. అయితే చేయవలసింది దొంతరల మధ్య అడ్డదారులు తెరవడం. డెన్మార్క్‌లో క్లాస్ బెక్‌గార్డ్ గంధకం బదులు అంతకంటే లావైన సెలీనియం పెట్టి అణువులు చేశారు, పారిస్ దగ్గర ఓర్సేలో డెనిస్ జెరోమ్ బృందం వాటిని నొక్కి చూసింది. 1980లో, వాతావరణ పీడనానికి సుమారు 12,000 రెట్ల పీడనం కింద, 0.9 కెల్విన్ల దగ్గర మొదటి కర్బన అతివాహకత కనిపించింది. మరుసటి ఏడు పెర్‌క్లోరేట్ లవణంలో పీడనం లేకుండానే వచ్చింది. లిటిల్ వాగ్దానం చేసిన గది ఉష్ణోగ్రత ఎక్కడ, ఒక కెల్విన్ ఎక్కడ అని వెక్కిరించినవాళ్లున్నారు. వాళ్లు పొరపడ్డారు. సూది మొనంత స్ఫటికంలో కర్బన అణువులు అతివాహకమవుతాయని నిరూపించడమే అప్పుడు అసలు పని.

మూడో వాదం ఎలక్ట్రాన్ల పోరును ముందుకు తెస్తుంది. అణువు చిన్న గది. అందులో రెండు ఎలక్ట్రాన్లుంటే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపులాట బలంగా ఉంటే, దారులన్నీ తెరిచి ఉన్నా ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. దీన్ని మాట్ బంధకం అంటారు. బీఈడీటీ–టీటీఎఫ్ అనే పెద్ద గంధకపు అణువుతో చేసిన పొరల్లాంటి స్ఫటికాలు ఈ వాదానికి ప్రయోగశాల అయ్యాయి. 1988లో జపాన్‌లో ఒక లవణం 10.4 కెల్విన్ల దగ్గర, 1990లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో మరొకటి 11.6 కెల్విన్ల దగ్గర అతివాహకాలయ్యాయి. ఆర్గాన్ లవణంలో బ్రోమిన్ స్థానంలో క్లోరిన్ పెడితే అది ప్రతి ఫెర్రో అయస్కాంత బంధకం. దాన్ని కొంచెం నొక్కితే 12.8 కెల్విన్ల అతివాహకం. 1986లో వచ్చిన రాగి ఆక్సైడ్ అతివాహకాల్లోనూ ఇదే చిత్రం: అయస్కాంత బంధకం సరిహద్దు దాటగానే అతివాహకత. రాగి ఆక్సైడ్లలో మలినాలు కలిపి సరిహద్దు దాటించాలి, ఇక్కడ స్ఫటికాన్ని నొక్కితే చాలు. కర్బన లవణాలు శుద్ధమైన నమూనాలన్న పేరు అందుకే వచ్చింది.

ఈ మూడింట్లో ఏది గెలిచింది? లిటిల్ దారి తెరుచుకోలేదు. రెండోది స్ఫటికం ఎలా పెంచాలో నేర్పింది. మూడోది స్ఫటికం ఎందుకు అలా ప్రవర్తిస్తుందో చాలావరకు చెప్పింది, ఉష్ణోగ్రతను ఎలా పెంచాలో మాత్రం చెప్పలేకపోయింది. మధ్యలో 60 కార్బన్ల బంతి ఫుల్లరీన్ వచ్చి, పొటాషియంతో 18 కెల్విన్లు (1991), సీజియంతో పీడనం కింద 38 కెల్విన్లు (2008) అందుకుని అందరినీ పక్కకు నెట్టింది. బంతి గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూడు దిశల్లోనూ దారులుంటాయి. పరిమాణాల వాదానికి అది ఇంకో ఓటు.

ఇనుము లేని అయస్కాంతం

అయస్కాంతాల వైపు గొడవ ఇంకా ముతకగా సాగింది. కర్బన పదార్థంలో అయస్కాంతత్వం కనిపించిందని ఎవరైనా అంటే వచ్చే మొదటి అనుమానం స్టీలు గరిటె. లక్షలో కొన్ని పాళ్లు ఇనుము కలిసినా కొలతలో అయస్కాంతం కనిపిస్తుంది. 1987లో మాస్కో బృందం పాలీడైఅసిటలీన్‌తో గది ఉష్ణోగ్రత దాటిన కర్బన అయస్కాంతం చేశామన్నది. మరెవరికీ అది నిలకడగా రాలేదు. 2001లో ఫుల్లరీన్‌ను నొక్కి చేసిన కార్బన్ అయస్కాంతమని నేచర్‌లో వచ్చిన పత్రాన్ని 2006లో వెనక్కు తీసుకున్నారు. ఇనుము మలినాలే కారణమని తేలింది.

అసలైన ప్రగతి రెండు దారుల్లో వచ్చింది. పూర్తిగా కర్బన అయస్కాంతం ఒకటి. 1991లో టోక్యోలో మినోరు కినోషిత బృందం నైట్రోనైల్ నైట్రాక్సైడ్ అనే స్థిరమైన రాడికల్ స్ఫటికంలో నిజమైన ఫెర్రో అయస్కాంతత్వాన్ని చూపించింది. అది 0.6 కెల్విన్ల కిందే. అదే ఏడు ఫుల్లరీన్, టీడీఏఈ అనే అమైన్ కలయిక 16 కెల్విన్లు చేరింది. స్పిన్లున్న కక్ష్యలు ఒకదానికొకటి ఎలా ఎదురుగా నిలిస్తే స్పిన్లు ఒకే దిక్కుకు తిరుగుతాయో హార్డెన్ మెకానెల్ 1963లోనే సూచించారు. ఆ సూచన ఎంతవరకు నిజమన్నది ఇప్పటికీ వాదులాడుకునే విషయమే. చాలా స్ఫటికాల్లో అది పనిచేసింది, పనిచేయని స్ఫటికాలూ అంతే ఉన్నాయి.

రెండో దారి లోహాన్నీ కర్బన అణువునూ కలపడం. జోయెల్ మిల్లర్, ఆర్థర్ ఎప్‌స్టైన్ 1980ల మధ్యలో ఫెర్రోసీన్ ఉత్పన్నాన్ని టీసీఎన్‌ఈ అనే అణువుతో జతచేసి 4.8 కెల్విన్ల ఫెర్రో అయస్కాంతం చేశారు. 1991లో వనేడియం–టీసీఎన్‌ఈతో అది గది ఉష్ణోగ్రతను దాటింది, సుమారు 400 కెల్విన్లు. కానీ అది స్ఫటికం కాదు, గాలి తగిలితే పాడయ్యే నల్లటి పొడి. స్ఫటికం లేనందువల్ల లోపలి నిర్మాణం గురించిన వాదం ఏళ్ల తరబడి నడిచింది. మరోపక్క పారిస్‌లో మిషెల్ వెర్దాగే బృందం 18వ శతాబ్దపు బెర్లిన్ రంగు ప్రష్యన్ బ్లూను తీసుకుంది. అసలు ప్రష్యన్ బ్లూ 5.6 కెల్విన్ల కిందే అయస్కాంతం. అందులో ఇనుము బదులు వనేడియం, క్రోమియం పెట్టి 1995లో 315 కెల్విన్లు సాధించారు. ఏ లోహం పక్కన ఏ లోహం పెడితే స్పిన్లు ఎటు తిరుగుతాయో కక్ష్యల సౌష్ఠవాన్ని బట్టి ముందే లెక్కగట్టి, దాని ప్రకారం తయారుచేశారు. ఒలివియే కాన్ ఇదే ఆలోచనను 1993లో పాఠ్యపుస్తకంగా మలిచారు. ఈ రంగంలో సిద్ధాంతం ముందు నడిచి, రసాయనం వెనక నడిచిన అరుదైన సందర్భం ఇది.

అణువే అయస్కాంతమైతే

1993 తర్వాత ప్రశ్నే మారిపోయింది. ఫ్లోరెన్స్‌లో రొబెర్తా సెస్సోలి, దాంతే గత్తెస్కి 12 మాంగనీస్ పరమాణువుల గుత్తిని కొలిచారు. ఆ గుత్తి మొత్తం స్పిన్ 10. ఒక్కో అణువు పక్కవాటితో సంబంధం లేకుండా తన అయస్కాంత దిశను తనే గుర్తుపెట్టుకుంటుంది. 2 కెల్విన్ల దగ్గర ఆ జ్ఞాపకం నెలల తరబడి ఉంటుంది. వీటిని ఏకాణు అయస్కాంతాలు అనవచ్చు. ఒక అణువులో ఒక బిట్ సమాచారం పెట్టవచ్చన్న ఆశ ఇక్కడ పుట్టింది.

మొదటి పదేళ్లు అందరూ స్పిన్ పెంచడానికి పాకులాడారు. మాంగనీస్ పరమాణువుల సంఖ్య పెంచారు, స్పిన్ పెరిగింది, జ్ఞాపకం మాత్రం పెరగలేదు. స్పిన్ తిరగబడకుండా ఆపేది దాని పరిమాణం కంటే దాని దిశాబద్ధత అని ఆలస్యంగా అర్థమైంది. 2003లో నవోతో ఇషికావా ఒకే ఒక్క టెర్బియం పరమాణువును రెండు థాలోసయనిన్ పలకల మధ్య పెట్టి చూపించాక దృష్టి లాంథనైడ్ల మీదికి మళ్లింది. డిస్ప్రోసియంను పైనుంచీ కిందనుంచీ రెండు కర్బన వలయాలతో బంధిస్తే జ్ఞాపకం 2017లో 60 కెల్విన్లకు, 2018లో 80 కెల్విన్లకు చేరింది. ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్లు దాటడం ఒక మైలురాయి. 2025లో మాంచెస్టర్, ఆస్ట్రేలియా బృందాలు డిస్ప్రోసియంకు ఇరుపక్కలా అమైడ్లు, మధ్యలో ఆల్కీన్ పెట్టి 100 కెల్విన్లు చేరాయి.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి కావు. క్షేత్రాన్ని వేగంగా మార్చి కొలిస్తే జ్ఞాపకం ఎక్కువ ఉష్ణోగ్రత దాకా ఉన్నట్టు కనిపిస్తుంది, నెమ్మదిగా కొలిస్తే తగ్గుతుంది. ఒకరు 100 సెకన్ల జ్ఞాపకాన్ని లెక్కలోకి తీసుకుంటారు, ఇంకొకరు హిస్టెరిసిస్ వలయం (క్షేత్రం మారినా అయస్కాంతత్వం వెనకబడడాన్ని చూపే గీత) తెరుచుకున్న ఏ ఉష్ణోగ్రతనైనా రాస్తారు. రికార్డుల పట్టిక చూసేటప్పుడు ఆ చిన్న అక్షరాలు చదవాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

మామూలు లోహాలతో పోటీ పెడితే అణువులు ఓడిపోతాయి. టీటీఎఫ్–టీసీఎన్‌క్యూ గది ఉష్ణోగ్రత వాహకత రాగిలో వెయ్యో వంతు ఉంటుంది. మోటార్లలో వాడే నియోడైమియం–ఇనుము–బోరాన్ అయస్కాంతం తన గుణాన్ని 300 డిగ్రీల సెల్సియస్ దాటే దాకా వదలదు. విశాఖపట్నంలోని బార్క్ ఆవరణలో 2023లో జాతికి అంకితమైన ఐఆర్‌ఈఎల్ కర్మాగారం ఏటా 3,000 కిలోల సమేరియం–కోబాల్ట్ అయస్కాంతాలు చేసే సామర్థ్యంతో ఉంది. దాని పక్కన మిల్లీగ్రాముల డిస్ప్రోసియం స్ఫటికాన్ని పెట్టి ఏది మేలని అడగడం అర్థంలేని ప్రశ్న. ఎలక్ట్రిక్ వాహనాల మోటారు కోసం అణువులు చేస్తున్నామని పరిశోధన ప్రతిపాదనల్లో రాసేవాళ్లను ఎవరైనా ఆపితే బాగుండు.

అణువుల బలం వేరేచోట ఉంది. వాటిని ద్రావణిలో కరిగించవచ్చు, గది ఉష్ణోగ్రతలో స్ఫటికంగా పెంచవచ్చు. ఒక మిథైల్ గుంపు మార్చి దొంతర దూరాన్ని ఆంగ్‌స్ట్రామ్‌లో పదో వంతు జరపవచ్చు. కొన్నింటిని కాంతితో అయస్కాంతంగా మార్చవచ్చు. కోటానుకోట్ల అణువులు అచ్చం ఒకేలా ఉంటాయి, ఏ లోహపు రేణువుకూ ఆ సౌకర్యం లేదు. క్వాంటమ్ బిట్‌గా పనికొస్తాయన్న ఆశకు మూలం ఇదే. మూడు దశాబ్దాల కిందటి పదార్థం వనేడియం–టీసీఎన్‌ఈ కూడా ఇప్పుడు పలుచని పొరగా మళ్లీ బయటికొచ్చింది. దానిలో స్పిన్ తరంగాలు చాలా తక్కువ నష్టంతో సాగుతాయి.

ఒకే స్ఫటికంలో రెండు గుణాలూ ఉండాలన్నది మూడో రకం ఆశయం. మామూలుగా అయస్కాంతత్వం అతివాహకతను చంపుతుంది. 2000లో స్పెయిన్‌లో యుజేనియో కొరొనాడో బృందం ఆక్సలేట్ వల అయస్కాంతాన్నీ బీఈడీటీ–టీటీఎఫ్ వాహక పొరలనూ ఒకదానిమీదొకటి పేర్చి ఫెర్రో అయస్కాంత లోహాన్ని చేసింది. మరుసటి ఏడు జపాన్‌లో ఇనుప క్లోరైడ్ కలిసిన బీఈటీఎస్ లవణం ఒకటి 18 టెస్లాల దగ్గరి క్షేత్రంలో, అంటే అతివాహకత నశించవలసిన చోట, అతివాహకమైంది. ఇనుము లోపల కలిగించే క్షేత్రం బయటి క్షేత్రాన్ని రద్దు చేస్తుందని వివరణ. మొదటిదాంట్లో రెండు పొరలూ ఒకదాన్నొకటి దాదాపు పట్టించుకోవు, రెండోదాంట్లో గట్టిగా పట్టించుకుంటాయి. ఈ తేడాను స్పష్టంగా చెప్పకుండా రెంటినీ బహుగుణ పదార్థాలని ఒకే గాటన కట్టడం సమీక్షల్లో మామూలైపోయింది.

హైదరాబాద్ వాటా

ఈ రంగంలో హైదరాబాద్ పేరు రికార్డుల పట్టికలో కనిపించదు. కనిపించేది స్ఫటికాల పక్కన.

భగవంతం ఆ తర్వాతి కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, ఆ పైన బెంగళూరులో పనిచేశారు. 1960ల్లో పి.వి. పంతులుతో కలిసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవాన్ని గ్రూపు సిద్ధాంతంతో విశ్లేషించారు. ఏ స్ఫటికంలో ఏ గుణం అసలు సాధ్యమో, ఏది సౌష్ఠవం రీత్యా అసాధ్యమో కొలత కన్నా ముందే చెప్పే పద్ధతి అది.

1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గౌతమ్ దేశిరాజు 1979 నుంచి మూడు దశాబ్దాలు పనిచేశారు. అణువులు స్ఫటికంలో ఎలా పేర్చుకుంటాయో ముందే పథకం వేయడం గురించి 1989లో ఆయన రాసిన పుస్తకంతో స్ఫటిక ఇంజనీరింగ్ ఒక విభాగంగా స్థిరపడింది. ఆయన కరెంటు కొలవలేదు. కానీ టీటీఎఫ్ స్ఫటికాల్లో గంధకానికి గంధకానికి మధ్య దూరం ఎందుకు ముఖ్యమో, బలహీన బంధాలు దొంతరను ఎలా నిలబెడతాయో అర్థం చేసుకోవడానికి ఆ ఆలోచనే ఆధారం. అక్కడే టి.పి. రాధాకృష్ణన్ పనిచేశారు. ఏక పరిమాణ అణు స్ఫటికాల సిద్ధాంతంలో పేరున్న జోల్తాన్ సూస్ దగ్గర ప్రిన్స్‌టన్‌లో పరిశోధన చేసి వచ్చినవారు. వాహకాల కోసం పుట్టిన టీసీఎన్‌క్యూను అమైన్లతో చర్య జరిపి, ఆయన బృందం దాన్ని కాంతి వైపు తిప్పింది. ద్రావణంలో మసకగా ఉండి ఘనస్థితిలో బాగా వెలిగే అణువులు అలా వచ్చాయి. కరెంటు కోసం చేసిన అణువు మరో పనికి కుదరడం ఈ రంగంలో కొత్త కాదు. గొప్పతనం, పేర్పు మారితే గుణం మారుతుందని ఓపిగ్గా చూపడంలో ఉంది.

అయస్కాంతాల వైపు వడపల్లి చంద్రశేఖర్ పేరు చెప్పుకోవాలి. ఉస్మానియాలో ఎమ్మెస్సీ, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేసి, ఐఐటీ కాన్పూర్‌లో చాలాకాలం పనిచేశారు. 2003లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. తర్వాత హైదరాబాద్ శివారు గోపనపల్లిలోని టాటా పరిశోధన సంస్థ కేంద్రానికి సారథ్యం వహించారు. ఆయన బృందం చేసిన లాంథనైడ్ గుత్తుల్లో కొన్ని ఏకాణు అయస్కాంతాలు. ఇక్కడొక వైరుధ్యం ఉంది. భీమునిపట్నం నుంచి కేరళ దాకా మన ఇసుక తీరాల మోనజైట్‌లో సీరియం, లాంథనం, నియోడైమియం వంటి తేలిక లాంథనైడ్లు దండిగా ఉన్నాయి, రికార్డులు కొట్టే డిస్ప్రోసియం మాత్రం అత్యల్పం. మిల్లీగ్రాములతో పనిచేసే ల్యాబుకు ఇది అడ్డంకి కాదు. చౌకగా దొరికే తేలిక లాంథనైడ్లతో మంచి ఏకాణు అయస్కాంతాలు ఎందుకు రావడం లేదన్నది మాత్రం మనవాళ్లు తీరిగ్గా పట్టించుకోదగ్గ ప్రశ్న.

నమ్మకం, మోసం, తొందర

ఈ రంగంలో అతి పెద్ద దెబ్బ బెల్ ల్యాబ్స్‌లో తగిలింది. హెండ్రిక్ షూన్ అనే యువకుడు 2000–01లో కర్బన స్ఫటికాల మీద ఒకదాని తర్వాత ఒకటి అద్భుతాలు ప్రకటించాడు. ఫుల్లరీన్ 117 కెల్విన్ల దగ్గర అతివాహకం అన్నది వాటిలో ఒకటి. వేర్వేరు ప్రయోగాల గ్రాఫుల్లో ఒకే రకమైన గజిబిజి కనిపించడంతో అనుమానం వచ్చింది, 2002లో విచారణ సంఘం అంకెలు కల్పితమని తేల్చింది. అంతకుముందు ఆ ఫలితాలను మళ్లీ రాబట్టాలని ఏళ్లు వెచ్చించిన విద్యార్థుల లెక్క ఎవరూ తీయలేదు.

మోసం కానివాటికీ ఇదే గతి పడుతోంది. 2010లో పిసీన్ అనే కర్బన అణువుకు పొటాషియం కలిపితే 18 కెల్విన్లన్నారు. 2017లో పారా టెర్‌ఫినైల్‌లో 120 కెల్విన్లు దాటిందన్నారు. మొదటిది చాలామందికి రాలేదు, రెండోది ఇప్పటికీ ధ్రువపడలేదు. 2023 వేసవిలో కొరియా నుంచి వచ్చిన ఎల్‌కే–99 అణు పదార్థం కాదు, సీసం–రాగి ఫాస్ఫేట్. అయినా ఆ కొద్ది వారాల గోల ఇదే వ్యాధికి నమూనా. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల సహా అనేక చోట్ల దాన్ని తయారుచేసి చూశారు, అతివాహకత లేదని చెప్పారు. కరెంట్ అఫైర్స్ పుస్తకాల్లో ప్రకటన తొందరగా ఎక్కినంత తొందరగా ఖండన ఎక్కలేదు.

తేలనివి

బెక్‌గార్డ్ లవణాల్లో ఎలక్ట్రాన్లు ఏ రకంగా జతకడతాయన్న ప్రశ్న 40 ఏళ్లుగా నడుస్తోంది. స్పిన్లు ఎదురెదురుగానా, ఒకే వైపా? 2000 ప్రాంతపు కొలతలు ఒకే వైపని సూచించాయి, తర్వాత పెర్‌క్లోరేట్ లవణం మీద జరిగినవి ఎదురెదురు అన్నాయి. అవి రెండు వేర్వేరు లవణాలన్నది మర్చిపోకూడదు.

ఏకాణు అయస్కాంతాల్లో స్పిన్‌ను చివరికి తిరగబెట్టేది స్ఫటికంలోని ఏ కంపనమన్నది ఇంకా పూర్తిగా తెలియదు. తెలిస్తే 100 కెల్విన్ల రికార్డు ఎక్కడిదాకా పెరగగలదో చెప్పవచ్చు. ఆ అణువును ఉపరితలం మీద అతికిస్తే జ్ఞాపకం నిలుస్తుందా అన్నది అంతకంటే కష్టమైన ప్రశ్న, ఎందుకంటే స్ఫటికంలో ఉన్న ఇరుగుపొరుగు అక్కడ ఉండదు.

అన్నిటికన్నా మొండి ప్రశ్న బీఈడీటీ–టీటీఎఫ్‌తో చేసిన ఒక రాగి సయనైడ్ లవణానిది. దాని అణువుల జతలు త్రిభుజాలుగా పేర్చుకుని ఉంటాయి. త్రిభుజంలో మూడు స్పిన్లు ఒకదానికొకటి ఎదురుగా నిలవలేవు, కాబట్టి ఎంత చల్లబరిచినా అవి గడ్డకట్టవని ఫిలిప్ ఆండర్సన్ 1973లో ఊహించారు. 2003లో కజుషి కనోడా బృందం ఈ లవణంలో ఆ స్పిన్ ద్రవాన్ని చూశామన్నది: స్పిన్ల మధ్య పరస్పర చర్య సుమారు 250 కెల్విన్ల బలంతో ఉన్నా, 32 మిల్లీ కెల్విన్ల దాకా ఏ క్రమమూ లేదు. దాదాపు రెండు దశాబ్దాలు పాఠ్యపుస్తకాలు దాన్నే ఉదాహరణగా చెప్పాయి. ఉష్ణధారణ కొలిచినవాళ్లు స్పిన్లు స్వేచ్ఛగా తిరుగుతున్నాయన్నారు, ఉష్ణవాహకత కొలిచినవాళ్లు అడ్డు ఉందన్నారు. 2021లో స్టుట్‌గార్ట్ బృందం ఎలక్ట్రాన్ స్పిన్ రెసొనెన్స్‌తో చూసి, 6 కెల్విన్ల దగ్గర స్పిన్లు జతకట్టి స్తంభించిపోతున్నాయని, మిగిలిన సంకేతాలు స్ఫటికంలోని లోపాల దగ్గరి ఒంటరి స్పిన్లవేనని ప్రకటించింది. అందరూ ఒప్పుకోలేదు. ఒక్కో ల్యాబులో పెరిగిన స్ఫటికంలో లోపాల పాలు ఒక్కో రకంగా ఉంటుంది. ఒకే స్ఫటికం మీద ఈ కొలతలన్నీ చేసేదాకా ఎవరి మాట వాళ్లదే.